రోడ్డుపై ఆపి జేబులు వెతకొచ్చా? గంజాయి తనిఖీలపై చట్టం ఏం చెబుతోంది

రాత్రివేళ బైక్‌పై వెళ్తున్న మిమ్మల్ని పోలీసులు ఆపారు. లైసెన్స్ చూపించారు. ఆ తర్వాత ‘జేబుల్లో ఏముందో తియ్’ అన్నారు. తీయాల్సిందేనా?

గంజాయి, డ్రగ్స్ కట్టడికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక విభాగాలు పనిచేస్తున్నాయి. ఈ సోదాలకు చట్టం అధికారం ఇచ్చింది, హద్దులూ పెట్టింది.

ఆపడం వేరు, సోదా వేరు

యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్స్ చూపించాలని మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ చెబుతోంది. మద్యం తాగి నడుపుతున్నారన్న అనుమానం ఉంటే 203వ సెక్షన్ కింద శ్వాస పరీక్ష చేస్తారు. జేబులు వెతికే అధికారం ఈ రెండింటిలో లేదు.

బహిరంగ ప్రదేశాల్లో మాదకద్రవ్యాల కోసం మనిషిని సోదా చేసే అధికారం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 43వ సెక్షన్‌లో ఉంది. అయితే ఆ వ్యక్తి నేరం చేశాడని నమ్మడానికి అధికారి దగ్గర కారణం ఉండాలి. కచ్చితమైన సమాచారం, గంజాయి వాసన, పోలీసులను చూడగానే ప్యాకెట్ విసిరేయడం వంటివి కారణాలు కావచ్చు. జుట్టు పెంచారనో, ఫలానా బస్తీలో ఉంటారనో వెతకడం కారణం అనిపించుకోదు. కారణం ముందుండాలి, సోదా తర్వాత.

మీకున్న హక్కు

ఒంటిపై సోదాకు ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ సమక్షంలో సోదా చేయమని కోరే హక్కు 50వ సెక్షన్ మీకిచ్చింది. ఆ హక్కు ఉందని పోలీసులు మీకు చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. చెప్పకుండా చేసిన సోదాలో దొరికినదాని ఆధారంగానే శిక్ష పడితే అది నిలవదు. మహిళను మహిళే సోదా చేయాలి.

మినహాయింపులూ ఉన్నాయి. తీసుకెళ్లేలోగా సరుకు చేతులు మారుతుందని నమ్మే కారణం ఉంటే అక్కడే వెతకొచ్చు. అప్పుడు ఆ కారణాలు రాసి 72 గంటల్లో పై అధికారికి పంపాలి. చేతిలోని బ్యాగుకు 50వ సెక్షన్ వర్తించదని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది.

మరి ఫోన్?

2021 అక్టోబరులో హైదరాబాద్‌లో దారిన వెళ్లేవారిని ఆపి, ఫోన్లలో గంజాయి గురించిన చాట్‌ల కోసం పోలీసులు వెతుకుతున్న వీడియోలు చర్చకు దారితీశాయి. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. వచ్చేపోయే అందరి ఫోన్లూ చూస్తున్నారంటే, ఏ ఒక్కరిపైనా ప్రత్యేకమైన కారణం లేదనే అర్థం.

మీరేం చేయాలి?

పరుగెత్తొద్దు, పెనుగులాడొద్దు. ఏ కారణంతో సోదా చేస్తున్నారో మర్యాదగా అడగండి. గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ముందు చేయమని కోరండి. అధికారి పేరు, స్టేషన్, సమయం రాసుకోండి.

అనవసరంగా, వేధించేందుకు సోదా చేసిన అధికారికి 58వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. కక్షతో తప్పుడు సమాచారమిచ్చి సోదా చేయించినవారికి రెండేళ్ల వరకు జైలు పడే అవకాశముంది. ఫిర్యాదు చేయాల్సి వస్తే మీరు రాసుకున్న ఆ వివరాలే ఆధారం.