గృహ విజ్ఞానము: డిస్కులో పట్టని పెండ్లి

హరికథ గంటలకొద్ది సాగును. పాతకాలపు గ్రామఫోను ప్లేటు ఒక ప్రక్క ఇంచుమించు మూడు నిమిషములు మాత్రమే పాడును. 1919లో విజయనగరమున సంగీత కళాశాల నెలకొని, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులైన కాలమున, ప్లేటు కెక్కదలచిన విద్వాంసులు తమ పాటను ఆ కొలతకు కుదించుకొనక తప్పకుండెను. నేడు ప్లేటు మారినది గాని చిక్కు మారలేదు. పెండ్లి వీడియోను డి.వి.డి.పై వ్రాయబోగా కంప్యూటరు నిరాకరించుచున్నది. లేదా సగము వ్రాసి ఆగిపోవుచున్నది. డిస్కు సరిగా వచ్చినదో లేదో చూడకమునుపే కెమేరా కార్డును తుడిచివేసిన యింట ఆ వేడుక మరల దొరకదు. కావున ఈ మాసము ఈ విషయమును ముచ్చటింప దలచితిమి.

ఈ చిక్కులు ముఖ్యముగా మూడు తావుల పుట్టును.

మొదటిది కొలత. డి.వి.డి.పై 4.7 జి.బి. అని ముద్రించియుండును. అనగా 470 కోట్ల బైట్లు. తయారుచేయువారు వేయి చొప్పున లెక్కింతురు. విండోసు కంప్యూటరు 1024 చొప్పున లెక్కించును. అందుచే ఆ డిస్కే కంప్యూటరులో 4.38 జి.బి.గా కనబడును. 4.5 అని చూపు ఫైలు దానిలో పట్టదు. రెండు పొరల డి.వి.డి. 8.5 జి.బి., బ్లూరే 25 జి.బి. పట్టును, వీనికిని ఈ లెక్కయే వర్తించును. బ్లూరేకు వేరు డ్రైవు కావలెను.

రెండవది పద్ధతి. చోటున్నను, 4 జి.బి. దాటిన ఒంటి ఫైలును కొన్ని ప్రోగ్రాములు అంగీకరింపవు. ఐ.ఎస్.ఓ. 9660 అను పాత అమరికయే దీనికి కారణము. అట్టిచో యు.డి.ఎఫ్. అను అమరికను ఎన్నుకొనవలెను. స్టూడియోనుండి ఫైలు తెచ్చు పెన్‌డ్రైవు ఫ్యాట్ 32 అయినచో అక్కడను ఇదే అడ్డు. దానిని ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చవచ్చును. కాని మార్చునపుడు అందున్నదంతయు చెరిగిపోవును.

మూడవది వ్రాయునప్పటి ఆటంకము. నడుమ కరెంటు పోవుట, కంప్యూటరు నిద్రావస్థకు పోవుట, లోపల తాత్కాలికముగా వాడుకొనుటకు చోటు చాలకుండుట, నాసి డిస్కు, వ్రేలిముద్రలు, మితిమీరిన వేగము ఇందులకు హేతువులు. తక్కిన పనులన్నియు ఆపి, మధ్యమ వేగమున వ్రాయింపుడు.

ఫైలు నిజముగా డిస్కుకంటె పెద్దదైనచో కోయక తప్పదు. 7-జిప్ వంటి సాధనముతో ముక్కలు చేయవచ్చును. కాని ఒక ముక్క చెడినను ఫైలు పూర్తిగా కూడదు. స్నాతకము, జీలకర్రబెల్లము, తలంబ్రాలు, అప్పగింతలు అని ఘట్టములవారీగా వేరు ఫైళ్లు చేయించుట మేలని మా తలంపు. ఒకటి పోయినను తక్కినవి నిలుచును. టి.వి. ప్రక్కనుండు ప్లేయరులో చూడగోరువారు 'డి.వి.డి. వీడియో'గా చేయించుకొనవలెను. ఆ పద్ధతిలో వీడియో ఒక్కొక్కటి 1 జి.బి.కి మించని భాగములుగా తనంతట అమరును.

వ్రాత ముగిసినదన్న మాటతో తృప్తిపడరాదు. 'వెరిఫై' అను పరీక్షను చేయింపుడు. పిదప డిస్కును వేరొక యంత్రమున పెట్టి మొదలు, నడుమ, తుద చూడుడు. అంతవరకు మూలమును తుడువకుడు.

డిస్కును అంచులు పట్టి తీయవలెను. దానిపై బాల్‌పెన్నుతో వ్రాయరాదు, కాగితము అంటింపరాదు. ఎండ, తేమ తగులని చోట నిలువుగా నుంచవలెను. మన తీరమునకు మరియొక భయము గలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరమును, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమును తాకినవి. ఉద్దానమున కొబ్బరి, జీడితోటలు కూలినవి. అట్టి గాలివానలో ఒకే బీరువాలోని రెండు ప్రతులు రెండు గావు, ఒకటియే. కావున ఒక ప్రతి అత్తవారింట, ఒకటి పుట్టినింట నుండవలెను. క్రొత్త ల్యాప్‌టాప్‌లకు డిస్కు డ్రైవు అరుదైనది గనుక మూడవ ప్రతిని హార్డ్‌డిస్కుపై నుంచుట మంచిది.

ఊరగాయను ఏటేట తీసి చూచినట్లే, ఈ డిస్కులను కూడ ఏడాది కొకమారు ఆడించి చూడుడు. చెడుచున్నది ముందే తెలిసినచో రెండవ ప్రతినుండి క్రొత్తది వ్రాయించుకొనవచ్చును.