తళ్లికోట మీద నెపం

ఏటా ఆగస్టు 22న చెన్నైలో మద్రాసు దినం జరుపుకుంటారు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి ఈ తీరాన్ని రాసిచ్చిన రోజట. అప్పుడు చంద్రగిరి వైపు ఏలుతున్నది విజయనగర రాయలే. మరి 1565లో తళ్లికోట దగ్గర ఒక్క పూట యుద్ధంలో విజయనగర సామ్రాజ్యం ముగిసిందని మన పిల్లలకు ఇంకా ఎందుకు చెబుతున్నాం?

ఓటమి కొత్తది కాదు. మొదటి దేవరాయలు బహమనీ ఫిరోజ్ షా చేతిలో ఓడాడు. రాజ్యం కూలలేదు సరికదా, వందేళ్ల తర్వాత కృష్ణదేవరాయల కాలం చూసింది. తళ్లికోట తర్వాత మాత్రం కోలుకోలేదు. ఎందుకు?

1567లో వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాజధాని చూశాడు. ఇళ్లు చాలావరకు నిలబడే ఉన్నాయి. మనుషులు లేరు, పులులు తిరుగుతున్నాయని రాశాడు. యుద్ధం తర్వాత ఏలిన తిరుమలరాయలు గోవా వర్తకుల చేత గుర్రాలు తెప్పించి డబ్బు ఎగ్గొట్టాడని కూడా ఆయనే రాశాడు. గుర్రాల బేరగాడికే ఎగ్గొట్టిన కొలువు సిపాయికి జీతమెలా ఇస్తుంది? శిల్పికి పనెక్కడి నుంచి తెస్తుంది? దండు, గుళ్లు, అంగళ్ల మీద బతికిన ఊరది. రాజు పెనుకొండకు పోయాడు. వాళ్లందరికీ అక్కడ పని దొరుకుతుందా? నా దృష్టిలో అసలు దెబ్బ అదే. యుద్ధం ఊరిని ఖాళీ చేసింది, నిరుద్యోగం దాన్ని ఖాళీగానే ఉంచింది.

దామెర్లవారికి ఈ సంగతి తెలుసు. తన సీమ వర్తకంతో బాగుపడాలనీ, పర్షియా గుర్రాలు కావాలనీ నాయకుడు ఆశపడ్డట్టు కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే రాశాడు. అంటే రాయల కొలువు కల్పించలేని పనిని సముద్రం మీద వచ్చినవాళ్ల దగ్గర వెతుక్కున్నాడన్నమాట. 1640లో కోట కడుతూ కంపెనీ, కాపురమొచ్చినవాళ్లకు 30 ఏళ్లు సుంకం లేదని చాటింది. సాలెలు, అద్దకంవాళ్లు వచ్చి చేరారు. వాళ్లను రాజద్రోహులంటే నేనొప్పుకోను. మగ్గం ఆడేచోటికి పోయారు, అంతే.

గోల్కొండ సైన్యం రాలేదా అంటారు. వచ్చింది. కానీ మధుర, తంజావూరు, జింజి నాయకులు కూడా అప్పటి రాజు మూడో శ్రీరంగరాయల మాట దాటారు. పంచడానికి ఏమీ మిగలని రాజు కోసం ఎవరు కత్తి పడతారు? 1645లో ఆయనా కంపెనీకి కౌలు ఖాయం చేశాడు. ఏడాది రెండేళ్లలో ఈ తీరం గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. 1647లో అతనూ కంపెనీ హక్కులను అలాగే ఉంచాడు.