ఒడ్డు తెగకుండా

1896 అక్టోబరులో లూమియేర్ సోదరుల కెమెరామన్ అలెగ్జాండర్ ప్రొమియో వెనిస్ నగరంలో గొండోలా ఎక్కి, కెమెరాను పడవలోనే నిలబెట్టి, అక్కడి పెద్ద కాలువ వెంట పోతూ పిడి తిప్పాడు. సినిమా ప్రదర్శనలు మొదలై అప్పటికింకా ఏడాది నిండలేదు. అంతవరకు కెమెరా ముక్కాలి మీద కదలకుండా ఉండేది. రైలే దాని ముందుకొచ్చి ఆగేది, కార్మికులే దాని ముందు నుంచి గేటు దాటి పోయేవారు. కదిలేవాటిని కదలని కెమెరా పట్టగలిగినప్పుడు, కదలని మేడలను కదిలే కెమెరాతో ఎందుకు పట్టకూడదన్నది ప్రొమియో ఆలోచన. ఆ ముక్క నిడివి ఒక నిమిషం కూడా లేదు. కథ లేదు, నటులు లేరు. మేడలు వరసగా వస్తాయి, పోతాయి. చక్రాల బండీ పట్టాలూ తర్వాత వచ్చాయి. మన సినిమావాళ్ళు ట్రాలీ షాట్ అనే దానికి మొదటి ట్రాలీ ఒక పడవ.

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి గోదావరి మీద తీసిన మన సినిమాలను నేను మరో కంటితో చూస్తున్నాను. పడవ మనకు కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కాలువలు పొలాలకు ఎంత పనికొచ్చాయో పడవలకూ అంతే పనికొచ్చాయి. లాకుల దగ్గర ఎక్కుతూ దిగుతూ ఏలూరు కాలువలో బెజవాడ చేరి, అక్కణ్ణుంచి కృష్ణ కాలువల్లో పడి, బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా సరుకు పోయేది. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గెడ వేసేవారు. అదీ సాగనప్పుడు పడవ మనుషులు గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని, ముందుకు వంగి లాగుతూ నడిచేవారు. అప్పుడు పడవ వేగం గట్టు మీది మనిషి నడక వేగమే. షూటింగులో ట్రాలీని తోసేదీ మనుషులే, దాని వేగమూ నడకే. బస్సులు రాకముందు డెల్టా జనం తమ ఊళ్ళను తాము చూసుకున్నది ఆ వేగంలోనే.

పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ చదివినవాళ్ళకు ఈ వేగం గురించి చెప్పనక్కరలేదు. రాత్రి, కాలువ, పడవ మీద కథకుడు, చీకట్లో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. వాళ్ళ బతుకులోకి కథకుడు తొందరపడి దూరడు. పడవ సాగుతున్నకొద్దీ మాటలు అతనికి అందుతాయి, అందినంతే మనకు చెబుతాడు. పడవ దిగి మధ్యలో ఇంకో చోటికి పోయే వీలు అతనికీ లేదు, మనకూ లేదు. ఆ కట్టుబాటు వల్లే చివరికి ఆ మనుషుల మీద తీర్పు చెప్పబుద్ధి కాదు. సినిమాలకూ రాసిన పద్మరాజు, ఏ కెమెరా సాయం లేకుండానే తెగని షాట్ ఎలా ఉంటుందో తెలుగు కథలో చూపించారు.

తెగని షాట్‌లో ఉన్న ఆకర్షణ ఇక్కడే ఉందనిపిస్తుంది. రేవు నుంచి ఇంటికి ఒక కట్‌తో వెళ్ళిపోయినప్పుడు, ఆ రెంటి మధ్య ఎంత దూరం ఉందో, ఏముందో మనం అడగం. ఎడిటర్ అతికించాడు, నమ్మేశాం. కెమెరా కదులుతూ ఆగకుండా పోయినప్పుడు దేని తర్వాత ఏది ఉందో దాచడం కుదరదు. చాకిరేవు పక్కనే గుడి ఉంటే గుడి వస్తుంది, గుడి పక్కన కల్లుపాక ఉంటే అదీ వస్తుంది. జర్మనీ నుంచి హాలీవుడ్ వెళ్ళిన ముర్నౌ 1927లో తీసిన ‘సన్‌రైజ్’లో ఒక ట్రాం ప్రయాణం ఉంది. భార్యాభర్తలు మాట్లాడుకోలేని స్థితిలో కూచుని ఉంటారు, కిటికీ బయట చెరువు గట్టు కరిగి పట్నం అవుతుంది. పల్లె ఎక్కడ ముగిసిందో చెప్పలేం. ఆ దంపతుల మనసు ఎక్కడ మెత్తబడడం మొదలైందో కూడా చెప్పలేం. ఆ మధ్య దూరాన్ని వాళ్ళతో పాటు మనమూ గడిపాం కాబట్టే నమ్ముతాం.

మన దగ్గర అలాంటి మధ్య దూరాన్ని తెర మీద నిలబెట్టినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది ఆదుర్తి సుబ్బారావును. ‘మూగమనసులు’ 1964లో వచ్చింది. గోపి పడవవాడు, రాధ జమీందారు బిడ్డ. రోజూ ఆమెను కాలేజీకి ఏరు దాటిస్తాడు. గోదారి గట్టు మీద జమున పాటను అందరూ తలుచుకుంటారు, తలుచుకోవాలి కూడా. నన్ను పట్టి ఉంచేది మాత్రం పడవలో వాళ్ళిద్దరూ ఉన్న దృశ్యాలు. కెమెరా గట్టు మీద ఉంటే పడవ కదులుతుంది, మనం చూస్తూ ఉండిపోతాం. కెమెరా అదే పడవ ఎక్కితే లెక్క తిరగబడుతుంది. మనుషులు నిలకడగా ఉంటారు, ఒడ్డు కదిలిపోతుంది. గట్టు మీద ఆమె అమ్మాయిగారు, అతను పడవవాడు. ఆ తేడాను కాపలా కాసే ఊరంతా ఆ కాసేపు వాళ్ళ వెనక జారిపోతూ ఉంటుంది. ఈ మాట చెప్పడానికి ముళ్ళపూడి వెంకటరమణ వంటి మాటల రచయిత కూడా మాట వాడనక్కరలేదు. ధవళేశ్వరంలో పుట్టినవాడికి నది ఏం చెబుతుందో, ఎక్కడ తను ఊరుకోవాలో తెలుసు.

రమణ స్నేహితుడు బాపు నరసాపురంలో పుట్టినవాడు. బాపు చట్రం గీసిన బొమ్మలా ఉంటుందని అందరూ అంటారు, నిజమే. అయితే ఆయన మొదటి సినిమా ‘సాక్షి’ (1967) పులిదిండిలో, అసలైన ఊళ్ళో, అసలైన ఎండలో తీసినది. అందులో కృష్ణ బల్లకట్టు నడిపే అమాయకుడు. అటు ఒడ్డుకీ ఇటు ఒడ్డుకీ మధ్య జనాన్ని చేరవేసే మనిషికి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ ఒడ్డునా ఊరు తోడు నిలవదు. ‘అందాల రాముడు’ (1973) కథ రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా నది మీద సాగుతుంది. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ కూడా అదే దారి పట్టింది. ఈ రెంటిలో పాటలకూ మాటలకూ కోతలు చాలానే ఉన్నాయి, వీటిని తెగని షాట్‌కు ఉదాహరణలుగా చూపలేను. కానీ ప్రయాణం ఎగువకే అన్న స్పృహ ఏ కోతలోనూ పోదు.

పొడుగు షాట్ అనగానే ఇప్పుడు కుర్రవాళ్ళు నిమిషాలు లెక్కపెడుతున్నారు. ఆర్సన్ వెల్స్ ‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958) మొదట్లో కారులో బాంబు పెట్టిన క్షణం నుంచి మూడు నిమిషాలకు పైగా కెమెరా తెగదు. సొకురోవ్ ‘రష్యన్ ఆర్క్’ (2002) హెర్మిటేజ్ మ్యూజియంలో మొత్తం తొంభై ఆరు నిమిషాలూ ఒకే షాట్. రెండూ గొప్పవే, వాటి పొడుగుకు కారణం వాటి లోపలే ఉంది గనక. వెల్స్ షాట్ బాంబు పేలేదాకా సాగాలి, సొకురోవ్ సినిమాలోని అతిథి ఆ మ్యూజియం గదులన్నీ నడవాలి. కారణం లేని పొడుగు కసరత్తు. తలుపు దూరి, మెట్లెక్కి, కిటికీలోంచి దూకే కెమెరాను చూసి చప్పట్లు కొడుతున్నామంటే ఆ క్షణాన మనుషులను చూడడం మానేశామన్నమాటే.

ఫిల్ము రోజుల్లో ఈ కసరత్తుకు ఒక హద్దు ఉండేది. నాలుగొందల అడుగుల ఫిల్ము నాలుగున్నర నిమిషాల్లో అయిపోతుంది, వెయ్యడుగులది పదకొండు నిమిషాలు. ముడి ఫిల్ము దొరకడమే కష్టమైన కాలంలో, ఊగే పడవ మీద, మబ్బు ఎప్పుడు కమ్ముతుందో తెలియని ఆకాశం కింద పొడుగు షాట్ తీయడమంటే డబ్బును నీళ్ళ మీద పందెం కాయడమే. ఇప్పుడు ఆ హద్దు లేదు. జేబులో ఫోను గంటసేపు ఆగకుండా తీస్తుంది, గింబల్ దాని వణుకు పోగొడుతుంది. అయినా మనం తీస్తున్నవి మూడు సెకన్ల ముక్కలు, లేకపోతే డ్రోన్ షాట్లు.

డ్రోన్ మీద నా ఫిర్యాదు దాచుకోను. ఇప్పుడు కోనసీమ అంటే తెర మీద కొబ్బరి తలలే. పైనుంచి పచ్చ తివాచీ, మధ్యలో వెండి గీత, ఏ సినిమాలో చూసినా ఇదే. ఆ ఎత్తున ఎవరూ బతకరు. కొబ్బరి మొవ్వు కనబడుతుంది గానీ మోకు బిగించుకుని ఎక్కే మనిషి కాళ్ళు కనబడవు. లంక కనబడుతుంది గానీ వరద కోసేసిన లంక గట్టు ఎంత నిటారుగా ఉందో, దాని అంచున ఇల్లెంత దగ్గరగా ఉందో కనబడదు. అది నీటి మట్టాన, కూచున్న మనిషి కంటి ఎత్తున, నడక వేగంలో పోతేనే తెలుస్తుంది.

ఇది అందం గురించిన పేచీ మాత్రమే అయితే ఇంత పట్టుదల అక్కర్లేదు. పట్టిసీమ, పోలవరం, గండి పోచమ్మ గుడి, దేవీపట్నం, పాపికొండలు, పేరంటాలపల్లి, కూనవరం. ఎగువకు పోయే పడవకు ఒడ్డు వరస ఇది. ఇందులో పోలవరానికి ఎగువనున్న ఒడ్డును ముంచేది పోలవరం జలాశయం, దాని పూర్తి మట్టం 45.72 మీటర్లు. పని కోసం నదికి అడ్డంగా వేసే కాఫర్ డ్యామ్ కట్టాక వరదలకే దేవీపట్నం ఊళ్ళు మునిగాయి, జనం పునరావాస కాలనీలకు పోయారు. ఆ ఊళ్ళ ఫొటోలు ఎక్కడైనా ఉండవచ్చు. ఒక రేవుకీ ఇంకో రేవుకీ మధ్య ఏ చెట్టుండేదో, గుడి ఎన్ని మెట్ల ఎత్తున ఉండేదో, దాని తర్వాత ఎంతసేపటికి కొండ మొదలయ్యేదో ఫొటో చెప్పదు. ఆ వరస తెగకుండా పట్టగలిగేది కదిలే కెమెరా ఒక్కటే. ‘అందాల రాముడు’లో నటుల భుజాల వెనక కదిలిపోయిన ఆ ఒడ్డు, దర్శకుడు ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, ఇప్పుడు మనకు మిగిలిన సాక్ష్యాల్లో ఒకటి. ఆ సినిమాల మంచి ప్రతులను నేపథ్యం కోసమైనా భద్రపరచాలని ఈ పత్రిక అడుగుతోంది.

దిగువన ఇంకా సమయం ఉంది. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి వశిష్ఠ మీద, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి గౌతమి మీద జనం పంటు మీద దాటడం మన కళ్ళ ముందరి సంగతే. వంతెనలు కావాలని ఆ ఊళ్ళవాళ్ళు ఏళ్ళుగా అడుగుతున్నారు, వాళ్ళు అడిగేది న్యాయం. వంతెన వచ్చిన రోజున పంటు ఆగుతుంది. అంతకు ముందే ఎవరైనా ఫోను పట్టుకుని ఒక రేవులో ఎక్కి, బల్ల మీద కూచుని, ఈ ఒడ్డు వదిలిన దగ్గర నుంచి ఆ ఒడ్డు తగిలేదాకా ఆపకుండా తీయండి. పాట కలపకండి. ఇంజను చప్పుడూ, బళ్ళు ఎక్కించేవాళ్ళ కేకలూ, టిక్కెట్టు బేరాలూ అలాగే ఉండనివ్వండి. కింద తేదీ, రేవు పేరు, నది పాయ పేరు, ఆ పూట నీరు పోటు మీదుందో పాటు మీదుందో రాయండి.