కుక్క ఉన్నది జాగ్రత్త: గేటు బయటే ఆగే హక్కు ఎవరికి?

నగరాల్లో ఇంటి గేటుకు వేలాడే ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ బోర్డును చుట్టాలు పట్టించుకోనక్కర లేదు. వాళ్లు వస్తున్నారని ఇంట్లోవాళ్లకు ముందే తెలుసు. కుక్కను కట్టేసి, ఎదురెళ్లి లోపలికి తీసుకొస్తారు. దొంగల కోసం పెట్టామంటారు గానీ, రోజూ ఆ బోర్డును చదువుకుంటూ బతకాల్సింది వేరేవాళ్లు: పార్సిల్ తెచ్చేవాడు, గ్యాస్ సిలిండర్ మోసేవాడు, చెత్త తీసుకెళ్లే కార్మికురాలు, కరెంటు మీటర్ రీడింగు తీసేవాడు, నాలుగిళ్లలో పాచిపని చేసే స్త్రీ. కుక్క యజమానిది. జాగ్రత్త మాత్రం వచ్చిన శ్రామికుడిది. ఈ పంపకం మనకు ఎంత సహజంగా కనిపిస్తుందంటే, దాని వల్ల ఒక ప్రాణం పోయినప్పుడు కూడా దాన్ని వింత ప్రమాదంగానే చదువుకుని వదిలేశాం.

2023 జనవరిలో హైదరాబాద్ బంజారా హిల్స్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌కు భోజనం పార్సిల్ తీసుకెళ్లిన 23 ఏళ్ల డెలివరీ కార్మికుడి మీదికి కస్టమర్ పెంచుకుంటున్న జర్మన్ షెపర్డ్ దూసుకొచ్చింది. దాన్నుంచి తప్పించుకోబోయి అతను మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు. నిమ్స్‌లో చికిత్స పొందుతూ చనిపోయాడు. కుక్క యజమాని మీద పోలీసులు కేసు పెట్టారు. అదే ఏడాది మే నెలలో మణికొండలో పరుపు డెలివరీ చేయడానికి వెళ్లిన మరో కార్మికుడు డాబర్‌మన్ తరమడంతో మూడో అంతస్తు నుంచి దూకి గాయపడ్డాడు. నాలుగు నెలల తేడాతో, ఒకే నగరంలో, దాదాపు ఒకే తీరున జరిగిన ఈ రెండు ఘటనలను యాదృచ్ఛికం అనలేం. పని చేసే పద్ధతిలోనే ఏదో లోపం ఉంది.

ఈ పనిలో ఉన్నవాళ్లు తమకు తాముగా కొన్ని ఉపాయాలు నేర్చుకున్నారు. గేటు దగ్గరే ఆగి గొళ్లెం గట్టిగా చప్పుడు చేయడం, లోపల మొరుగుడు వినబడుతుందేమో చూడటం, కస్టమర్‌కు ఫోన్ చేసి ‘సార్, కుక్కను కట్టేయండి’ అనడం, వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకోవడం, ఏ ఇంట్లో ఏ కుక్క ఉందో తోటివాళ్లకు వాట్సాప్ గ్రూపులో చెప్పడం. కుక్క ఎదురైతే పరుగెత్తకూడదు, వెన్ను చూపకూడదు, వీపు మీది పెద్ద సంచిని ముందుకు తెచ్చి తనకూ కుక్కకూ మధ్య అడ్డంగా పెట్టుకోవాలి, మెల్లగా వెనక్కి అడుగులేయాలి. కొందరు జేబులో బిస్కెట్ ప్యాకెట్ కూడా ఉంచుకుంటారు. ఇది ఏ కంపెనీ శిక్షణలోనో వచ్చిన జ్ఞానం అనుకోనక్కర లేదు. చాలావరకు ఒకరి కాలికి తగిలిన గాయం ఇంకొకరికి పాఠమై వచ్చింది.

ఈ జాగ్రత్తలన్నిటికీ సమయం కావాలి. ఆ సమయం అతని చేతుల్లో ఉండదు. ఫోన్ ఎత్తని కస్టమర్ కోసం గేటు దగ్గర నిలబడిన ప్రతి నిమిషం తర్వాతి ఆర్డర్‌లోంచి కోసుకుపోతుంది. ఆర్డర్ల లెక్క తగ్గితే ఆ రోజు ఇన్సెంటివ్ పోతుంది. పైకి రానంటే రేటింగ్ తగ్గుతుందని భయం, ఫిర్యాదు వెళ్తే ఐడీ బ్లాక్ అవుతుందని ఇంకో భయం. ‘ఏమీ చేయదు, రండి’ అని పై నుంచి ఒక గొంతు పిలుస్తుంది. అది తన యజమానిని ఏమీ చేయదన్నది నిజమే. కొత్త మనిషి, కొత్త వాసన, వీపున పెద్ద సంచి, తలకు హెల్మెట్ చూసి ఏం చేస్తుందో ఆ గొంతుకూ తెలియదు. ఆ ఒక్క హామీ మీద ప్రాణం పెట్టి మెట్లెక్కాల్సింది మాత్రం కార్మికుడు.

కొన్ని యాప్‌లలో ‘ఇంట్లో పెంపుడు జంతువు ఉంది’ అని కస్టమర్ ముందే నొక్కి తెలిపే వీలుంది. మంచిదే. కానీ అది ఐచ్ఛికం. పైగా కుక్క ఉందని తెలిసిన తర్వాత కార్మికుడు ఏం చేయవచ్చు? గేటు దగ్గర పార్సిల్ పెట్టి, డబ్బు నష్టపోకుండా, మాట పడకుండా వెళ్లిపోవచ్చా? ఆ హక్కు ఇవ్వని సమాచారం ఫోన్ తెర మీదికి ఎక్కిన మరో ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ బోర్డే.

ఇది కుక్కల మీద కోపం కాదు. తన ఇల్లు అనుకున్న చోటును కాపలా కాయడం కుక్క స్వభావం. మన దగ్గర చర్చ మాత్రం ఎప్పుడూ జంతువు చుట్టూనే తిరుగుతుంది. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల జాతుల కుక్కలను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ వాటి దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. అది కోర్టుల్లో నిలబడలేదు. నిలబడినా బంజారా హిల్స్‌లో గానీ మణికొండలో గానీ ఏమీ మారేది కాదు. జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ ఆ జాబితాలోనే లేవు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధి కుక్కల మీద ఆదేశాలు ఇచ్చినప్పుడు దేశమంతా వాదించుకుంది. తలుపు వెనకున్న కుక్క గురించి, ఆ తలుపు తట్టక తప్పని మనిషి గురించి ఆ వాదనలో వినబడింది చాలా తక్కువ.

ఇదే ప్రమాదాన్ని ఇతర దేశాలు ఎలా చూశాయో గమనిస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. అమెరికా తపాలా సంస్థ తన ఉద్యోగుల మీద జరిగే కుక్క దాడులను ఏటా లెక్కగట్టి ప్రకటిస్తుంది. 2024లో అవి 6,000 దాటాయి. అక్కడి పోస్ట్‌మన్ చేతిలోని స్కానర్‌లో కుక్క ఉన్న ఇంటి గురించి హెచ్చరిక నమోదు చేసే ఏర్పాటు ఉంది. కుక్కను అదుపులో పెట్టకపోతే ఆ ఇంటికి, అవసరమైతే ఆ వీధికే ఉత్తరాల బట్వాడా ఆపేస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం మొదట్లో ప్రధానంగా బహిరంగ స్థలాలకే వర్తించేది. సొంత ఇంటి ఆవరణలో జరిగిన దాడికి యజమాని తప్పించుకునేవాడు. పోస్ట్‌మన్‌ల యూనియన్ ఏళ్ల తరబడి ఉద్యమించింది. 2014లో చట్టాన్ని సవరించి ప్రైవేటు ఆవరణలకూ వర్తింపజేశారు. అక్కడా కుక్కలు కరుస్తూనే ఉన్నాయి. కానీ కరిచిన తర్వాత ఆ మనిషి వెనక ఒక ఉద్యోగం, ఒక యూనియన్, ఒక చట్టం నిలబడి ఉంటాయి.

మన దగ్గర చట్టం బొత్తిగా లేదనలేం. జంతువు వల్ల మనిషికి ముప్పు కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాత ఐపీసీ 289వ సెక్షన్‌లో జరిమానా 1,000 రూపాయలే. కానీ ఈ సెక్షన్‌ను వాడుకోవాలంటే గాయపడినవాడు పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి, కస్టమర్ మీద ఫిర్యాదు చేయాలి, ఆ కస్టమర్ ఉండే పేటలోనే మర్నాడు మళ్లీ ఆర్డర్లు అందించాలి. అందుకే చాలామంది కాలికి గుడ్డ చుట్టుకుని బండెక్కుతారు.

అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. ఆ తర్వాత రేబిస్ టీకా వేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో మళ్లీ వెళ్లాలి. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. టీకా ఉచితమే కావచ్చు. లైన్లో నిలబడిన నాలుగు పూటల కూలి ఎవరిస్తారు? రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. రోజు కూలికీ టీకాకూ మధ్య ఒకదాన్ని ఎంచుకోమనడం ఎంత ప్రమాదమో వైద్య విద్యార్థులకు వివరించి చెప్పనక్కర లేదు.

పని చేస్తూ గాయపడితే యజమాని పరిహారం ఇవ్వాలన్న సూత్రం ఈ దేశంలో 1923 నాటి కార్మిక పరిహార చట్టంతోనే వచ్చింది. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా 1942 నుంచి 1946 వరకు పనిచేసిన బాబాసాహెబ్ అంబేడ్కర్, ఫ్యాక్టరీ కార్మికుల పని గంటలను వారానికి 54 నుంచి 48కి తగ్గించే సవరణను ముందుకు తెచ్చారు. కార్మికుడి శరీరం మీద, సమయం మీద యజమానికి అపరిమితమైన హక్కు లేదన్నది ఆ చట్టాల సారం. నేటి ప్లాట్‌ఫాం కంపెనీలు ఆ సారాన్ని ఒక్క పదంతో దాటేశాయి. ఒప్పందంలో అతను ‘పార్ట్‌నర్’. గేటు దగ్గర ‘డెలివరీ బాయ్’. ఉద్యోగి మాత్రం ఎక్కడా కాడు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ గిగ్ కార్మికుణ్ణి గుర్తిస్తూనే, సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట ఉన్నవాడిగా నిర్వచించింది. అతని సంక్షేమం కోసం కంపెనీలు వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం జమ చేయాలంది. అదే ఏడాది వచ్చిన వృత్తి భద్రతా కోడ్, ప్రాణాపాయం ఉందని తెలిపి వెంటనే సరిదిద్దించుకునే హక్కును ఉద్యోగికి ఇచ్చింది. ఉద్యోగి కానివాడు ఆ హక్కును ఎలా అడగాలి? అతనికి దక్కింది సంక్షేమ నిధి. ప్రమాదం ముందు ‘నేను రాను’ అనే అధికారం దక్కలేదు.

నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ కార్మికులున్నారు. 2029-30 నాటికి వారు 2.35 కోట్లకు చేరతారని అంచనా. వీళ్లంతా దళితులో, ముస్లింలో అని మేం అనడం లేదు. అన్ని కులాల పేదలూ, డిగ్రీలు చేతబట్టుకున్న నిరుద్యోగులూ, ఫీజు కట్టుకోవడానికి సాయంత్రాలు బండి నడిపే విద్యార్థులూ ఇందులో ఉన్నారు. కానీ వాళ్లు వెళ్లి నిలబడే గడప కులానికి కొత్తది కాదు. 2022 జూన్‌లో లక్నోలో, దళితుడి చేతి భోజనం తీసుకోనని కస్టమర్ తనను కొట్టించాడని ఒక డెలివరీ కార్మికుడు ఫిర్యాదు చేశాడు. 2019లో జబల్‌పూర్‌లో తెచ్చేవాడు ముస్లిం అని ఒకరు ఆర్డర్ రద్దు చేసుకున్నారు. యాప్ తెర మీద పేరు కనిపిస్తుంది, పేరు చాలు. ఎన్నో అపార్ట్‌మెంట్లలో పనివాళ్లకు, డెలివరీ కార్మికులకు వేరే లిఫ్టు. పెంపుడు కుక్కకు లిఫ్టు నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. జంతువు పట్ల ఆ కరుణ సరైనదే. కార్మికుడికి లిఫ్టు నిషేధించరాదని చెప్పే అలాంటి కాగితం ఏది?

పిల్లులూ కుక్కలూ తాగే చెరువు నీటిని మనుషులు ముట్టరాదన్న నియమాన్నే 1927లో మహద్ సత్యాగ్రహం ఎదిరించింది. తన ప్రజలను కుక్కలకన్నా హీనంగా చూసే దేశాన్ని నాదని ఎలా చెప్పుకోనని 1931 ఆగస్టులో బొంబాయి మణిభవన్‌లో అంబేడ్కర్ గాంధీని అడిగారు. ఆ ప్రశ్న జంతువును తక్కువ చేయడానికి అడిగింది కాదు. ఇంటివాడి ప్రేమ, భద్రత, గౌరవం ఎవరిదాకా వెళ్లి ఎక్కడ ఆగిపోతాయో కొలిచే ప్రశ్న అది. నేటి గేటుకూ అదే కొలబద్ద పెట్టాలి.

కావాల్సినవి పెద్ద వింతలేమీ కావు. కుక్క ఉన్న ఇంటి వివరం యాప్‌లో తప్పనిసరి కావాలి. అలాంటి ఇంటికి పార్సిల్‌ను గేటు దగ్గరో, వాచ్‌మన్ దగ్గరో ఇవ్వడమే నియమంగా ఉండాలి, ఆ డెలివరీకి పూర్తి డబ్బు రావాలి. కుక్కను కట్టేయకపోతే వెనుదిరిగే కార్మికుడికి రేటింగ్ గానీ, ఇన్సెంటివ్ గానీ తగ్గకూడదు. కుక్క కాటును పనిలో జరిగిన గాయంగా గుర్తించి చికిత్సతోపాటు టీకా రోజుల వేతనం కంపెనీ చెల్లించాలి. దాడుల లెక్కను ఏటా బయటపెట్టాలి. తలుపు తీసే ముందు కుక్కను మరో గదిలో ఉంచాలన్న నియమాన్ని అపార్ట్‌మెంట్ సంఘాలు రాసుకోవాలి. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో గిగ్ కార్మికుల చట్టాలు చేశాయి. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా విడుదల చేసింది. ప్రమాద బీమాతో సరిపెట్టకుండా, ప్రమాదకరమైన పనికి కాదనే హక్కును ఈ చట్టాల్లోకి తేవడమే ఇప్పుడు అడగాల్సిన మాట. చనిపోయాక వచ్చే బీమా సొమ్ము ఆ మనిషిని బతికించదు.

న్యాయశాస్త్రం చదువుతున్నవాళ్లు, కార్మిక అధ్యయనాలు చేస్తున్నవాళ్లు ఈ పని ప్రభుత్వం కోసం వదిలేయాల్సిన అవసరం లేదు. మీ నగరంలో ఇలాంటి గాయాలను నమోదు చేయండి. 291వ సెక్షన్ కింద ఎన్ని కేసులు పెట్టారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. గిగ్ కార్మికుల సంఘాలకు మీ చదువును అందించండి. దానికన్నా ముందు చేయగలిగింది ఒకటుంది. ఈ రాత్రి మీరు భోజనం ఆర్డర్ చేస్తే, ఇంట్లో కుక్క ఉంటే, దాన్ని గదిలో పెట్టి గేటు దాకా మీరే వెళ్లండి. వచ్చిన మనిషిని మెట్లెక్కమనకండి.