పాతది వదలరు.. కొత్తది ఎక్కించరు!
చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లకు పొంచి ఉన్న ముప్పు

ఆత్రేయపురం పూతరేకులు, మంగళగిరి చీరలు, కొండపల్లి బొమ్మలు.. ఇప్పుడు ఏ ఊరి సరకైనా ఇంట్లో కూర్చునే కొనుక్కునే వీలుంది. చిన్న వ్యాపారులూ సొంత వెబ్‌సైట్లు ఏర్పాటు చేసుకున్నారు. అయితే తయారీపై చూపిన శ్రద్ధ నిర్వహణలో కొరవడుతోంది. ఏటా అద్దె చెల్లించి వదిలేయటం పరిపాటిగా మారింది. దాని అడుగున పనిచేసే సర్వరు సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లినా పట్టించుకునేవారు తక్కువే. అలాగని ముందూవెనకా చూడకుండా కొత్తది ఎక్కిస్తే ఉన్న అమ్మకాలూ నిలిచిపోయే ప్రమాదం ఉంది. ఈ రెండింటికీ విరుగుడు క్రమపద్ధతిలో మార్పు ఒక్కటే.

గడువు దాటితే దిక్కులేదు
చిన్న వెబ్‌సైట్లలో అధికభాగం పీహెచ్‌పీ అనే సాఫ్ట్‌వేర్‌పై నడుస్తాయి. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వాడుతున్న వర్డ్‌ప్రెస్‌కూ ఇదే ఆధారం. దీని ప్రతి వెర్షన్‌కూ ఒక గడువు ఉంటుంది. 5.6కు 2018 డిసెంబరు 31తో, 7.4కు 2022 నవంబరు 28తో, 8.0కు 2023 నవంబరు 26తో, 8.1కు 2025 డిసెంబరు 31తో అది ముగిసింది. అనేక సర్వర్లలో వాడిన సెంటాస్ 7కు 2024 జూన్ 30తో కాలం చెల్లింది. ఆ తర్వాత లోపాలు బయటపడినా తయారీదారులు సరిచేయరు.

'మాది చిన్న దుకాణం, మా జోలికెవరు వస్తార'న్న ధీమా పనికిరాదు. దాడులు చేసేది మనుషులు కాదు.. లోపమున్న సర్వర్ల కోసం రాత్రింబవళ్లు గాలించే ప్రోగ్రాములు. వాటికి చిన్నా పెద్దా తేడా లేదు. సవరణ వెలువడ్డాక జాప్యం చేస్తే ముప్పు మరింత పెరుగుతుంది. తలుపు ఎక్కడ బలహీనంగా ఉందో అప్పటికే అందరికీ తెలిసిపోతుంది. 2017లో అమెరికా సంస్థ ఈక్విఫాక్స్ నుంచి 14 కోట్ల మందికి పైగా ప్రజల వివరాలు ఇలాగే చోరీకి గురయ్యాయి. సవరణ మార్చిలోనే వచ్చినా దాన్ని అమర్చకపోవటమే కారణం. అదే ఏడాది మే నెలలో వాన్నాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లూ స్తంభించాయి. దానికి విరుగుడును మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే విడుదల చేయటం గమనార్హం.

భయమూ అకారణం కాదు
వ్యాపారులు వెనకాడటానికీ కారణాలున్నాయి. పాత వెబ్‌సైట్లు డేటాబేస్ నుంచి వివరాలు తెచ్చుకునేందుకు వాడిన కొన్ని ఆదేశాలను 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7.0లో పూర్తిగా తొలగించారు. అటువంటి సైటుకు నేరుగా కొత్త వెర్షన్ పెడితే తెరపై తెల్లకాగితమే కనిపిస్తుంది. తయారుచేసిన కుర్రాడు నగరానికి వెళ్లిపోవటం, పాస్‌వర్డులు అతని వద్దే ఉండిపోవటం మరో చిక్కు. డబ్బు మిగులుతుందని దొంగచాటు ప్లగిన్లు వేయించుకున్నవారి పరిస్థితి ఇంకా దారుణం. వాటికి సక్రమంగా సవరణలు అందవు. లోపలే దొడ్డిదారి ఉండే ప్రమాదమూ ఉంది.

ముందు నకలు.. తర్వాతే అసలు
తొలుత డొమైన్, హోస్టింగ్ ఖాతాలు వ్యాపారి పేరిట ఉన్నాయో లేదో చూసుకోవాలి. కంట్రోల్ ప్యానెల్‌లో ఏ వెర్షన్ నడుస్తోందో తెలుస్తుంది. ఫైళ్లు, డేటాబేస్ రెండింటికీ బ్యాకప్ తీసి, ఒక ప్రతిని సర్వరు వెలుపల భద్రపరచాలి. దాన్నుంచి సైటు తిరిగి లేస్తుందో లేదో పరీక్షించకపోతే బ్యాకప్ ఉన్నా లేనట్టే.

తర్వాత పాస్‌వర్డు రక్షణతో వేరే చిరునామాలో సైటుకు నకలు తయారుచేయించాలి. అక్కడ చెల్లింపులను పరీక్షా పద్ధతిలో ఉంచి, ఖాతాదారులకు వెళ్లే ఎస్ఎంఎస్‌లు, ఈమెయిళ్లు నిలిపివేయాలి. ముందుగా వర్డ్‌ప్రెస్‌ను, థీమును, ప్లగిన్లను నవీకరించి, ఆ తర్వాతే పీహెచ్‌పీని మార్చాలి. ఆర్డరు పెట్టటం, చెల్లింపు, జీఎస్టీ బిల్లు అన్నీ సరిచూడాలి. డేటాబేస్ మార్పిడిలో తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారే అవకాశం ఉన్నందున సరకుల పేర్లనూ గమనించాలి.

అంతా సవ్యంగా ఉంటేనే అసలు సైటు జోలికి వెళ్లాలి. పండగ ముందురోజు కాకుండా బేరాలు తక్కువగా ఉండే వేళ ఎంచుకోవాలి. మార్పునకు ముందు సైటును తాత్కాలికంగా మూసి చివరి బ్యాకప్ తీయాలి. లేదంటే వెనక్కి మళ్లాల్సి వచ్చినప్పుడు మధ్యలో వచ్చిన ఆర్డర్లు గల్లంతవుతాయి. తెరిచిన తర్వాత వారం రోజులపాటు లోపాల చిట్టాను పరిశీలించాలి. పని ముగిశాక నకలును తొలగించటం మరవరాదు. మరచిన నకలే మరో కన్నమవుతుంది. అప్పటికే హ్యాకర్లు చొరబడిన సైటును ముందు శుభ్రం చేయించాలి. వెర్షన్ మార్చినంత మాత్రాన లోపల దాగినవి పోవు.

చట్టమూ ఊరుకోదు
కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు, చిరునామాల రక్షణ బాధ్యత వ్యాపారిదే. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం, అందులో పేర్కొన్న సైబర్ ఘటనలు దృష్టికి వచ్చిన ఆరు గంటల్లోగా సంస్థలు తెలియజేయాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తగిన భద్రత కల్పించనివారికి గరిష్ఠంగా రూ.250 కోట్ల వరకు జరిమానాకు వీలు కల్పించింది. సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

పీహెచ్‌పీ 8.2కు 2026 డిసెంబరు 31 వరకు, 8.3కు 2027 డిసెంబరు 31 వరకు, 8.4కు 2028 డిసెంబరు 31 వరకు భద్రతా సవరణలు లభిస్తాయి. అంటే ఇది ఒకసారి చేసి మరిచిపోయే పని కాదు. ఏటా లైసెన్సు రుసుము, దుకాణం బీమా తేదీలు రాసుకునే పుస్తకంలోనే ఈ గడువునూ రాసుకోవటం మేలు. నిర్వహణ ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు వెర్షన్ మార్పు, బ్యాకప్ పరీక్ష ఎవరి బాధ్యతో కాగితంపై ఉంటే, రేపు తెల్లతెర కనిపించినప్పుడు ఎవరిని అడగాలో తెలుస్తుంది.