అరిగిన వేళ్లకు హాజరు పడదు

మన పల్లెల్లో కొత్త మనిషిని ‘మీరెవరు?’ అని అడిగినప్పుడు పేరు చెప్పి ఊరుకుంటే సరిపోదు. ‘అది కాదు, మీరేమిట్లు?’ అని మరో ప్రశ్న వస్తుంది. పేరు, ఊరు, తండ్రి పేరు అన్నీ ఆ రెండో ప్రశ్న దగ్గరికి వెళ్లే మెట్లు. చదువులోనూ వృత్తి శిక్షణలోనూ ఇప్పుడు ‘మీరెవరు?’ అన్న ప్రశ్నను ఒక తెర అడుగుతోంది. వేలిముద్ర, కంటిపాప, ముఖచిత్రం, ఓటీపీ దానికి జవాబులు. వీటికి కులం లేదు కనుక ఇది శుద్ధ సాంకేతిక వ్యవహారమని అధికారులు నమ్ముతున్నారు, మనల్నీ నమ్మమంటున్నారు. వేలికి కులం లేకపోవచ్చు. ఆ వేలు తరతరాలుగా చేస్తూ వచ్చిన పనికి ఉంది.

2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకాన్నే చూద్దాం. పదమూడు వేల కోట్ల రూపాయల పథకం. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, శిల్పి, రాళ్లు కొట్టేవారు, చెప్పులు కుట్టేవారు, తాపీమేస్త్రీ, బుట్టలూ చీపుర్లూ అల్లేవారు, క్షురకులు, రజకులు, వలలు అల్లేవారు, ఇలా మొత్తం 18 వృత్తులకు వర్తిస్తుంది. ఈ జాబితాను వృత్తుల జాబితాగా చదవడం ఢిల్లీలో సాధ్యమేమో. తెలుగు నేలమీద దాన్ని ఎవరు చదివినా ఊరి చివరి వీధులు వరుసగా కళ్లముందు కదులుతాయి. కామన్ సర్వీస్ సెంటరుకు వెళ్లి, ఆధార్ బయోమెట్రిక్ ఇచ్చి నమోదు కావాలి. ఆ తరువాతే అయిదారు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పరికరాలకు 15 వేలు, తక్కువ వడ్డీకి రుణం. వీటన్నిటికీ మొదటి గడప వేలిముద్ర.

ముప్పై ఏళ్లు సమ్మెట పట్టిన వడ్డెర మనిషి వేలి కొసలు ఎలా ఉంటాయో, సోడాలో బట్టలు నానబెట్టి బండమీద ఉతికిన తల్లి చేతులు ఎలా ఉంటాయో యంత్రం తయారు చేసినవాడికి తెలియకపోవచ్చు. సున్నం, సిమెంటు తిన్న తాపీమేస్త్రీ వేళ్లమీద గీతలు మిగలవు. వెదురు చీల్చే చేతినిండా గాట్లే. పనివల్లనే ముద్ర అరిగిపోతుంది. ఆ పని చేసేవారి కోసమే పెట్టిన పథకం మొదట ఆ ముద్రనే అడుగుతుంది. ఎన్నేళ్లు నిజాయితీగా ఆ వృత్తి చేస్తే అంతగా యంత్రం ముందు అబద్ధమవుతాడు మనిషి. కాగితాలు మాత్రమే తిప్పే చేతులకు ఈ కష్టం రాదు.

ఇది ఊహ కాదు. ప్రభుత్వ సేవల్లో ఆధార్ ధ్రువీకరణ 88 శాతం మాత్రమే సఫలమవుతోందని 2018లో సుప్రీంకోర్టు ముందు ఉడాయ్ అధిపతే చెప్పారు. మిగిలిన 12 శాతం ఎవరు? వారిలో ఏ వృత్తులవారు ఎందరు? ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన తీర్పు వేలిముద్రలు వయసువల్ల, గాయంవల్ల మారిపోవచ్చునని గుర్తించింది. ధ్రువీకరణ విఫలమైనంత మాత్రాన అర్హుడికి లబ్ధి నిరాకరించబోమన్న ప్రభుత్వ హామీనీ నమోదు చేసింది. అంతకుముందే, 2017 అక్టోబరులో, ముద్ర పడనివారికి ప్రత్యామ్నాయం చూపాలని ఉడాయ్ సర్క్యులర్ కూడా ఇచ్చింది. హామీ తీర్పులో ఉంది, సర్క్యులరులో ఉంది. వేలు పెట్టిన మనిషి ముందున్న తెరమీద మాత్రం ‘సరిపోలలేదు’ అన్న ఒక్క మాటే ఉంటుంది. నైపుణ్య శిక్షణ కేంద్రాల్లో బయోమెట్రిక్ హాజరే హాజరు. ఎదురుగా కూర్చుని పాఠం విన్న మనిషి ఆ రోజు లేనట్టే లెక్క.

వేలిముద్ర దాటినవారిని పేరు ఆపుతుంది. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్లలో తరువాతి బిడ్డకు పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టేవారు. బడిలో చేర్చుకునేటప్పుడు పంతులు ఆ పేరు మార్చి రాసేవాడు, జూన్ నెలలో ఒక తేదీ చూసి పుట్టినరోజు చేసేవాడు. రేషన్ కార్డులో ఒక పేరు, టీసీలో మరొకటి, ఆధార్‌లో ఇంకొకటి. పెళ్లయిన స్త్రీకి ఇంటిపేరు కూడా మారుతుంది. ఇంటర్ మధ్యలో ఆగిన చదువును ఓపెన్ స్కూలులోనో దూరవిద్యలోనో మళ్లీ అందుకోవాలని వచ్చేవారిలో ఇలాంటివారే ఎక్కువ. ఆధార్‌లో పేరు మార్పుకు రెండు అవకాశాలు, పుట్టినతేదీకి ఒక్కటే. మూడు తరాలుగా ఒకే తీరున పేరు రాయించుకోగలిగిన కుటుంబాలకు ఈ నిబంధన ఉన్నట్టు కూడా తెలియదు. అన్నీ సరిపోలి ఆన్‌లైన్ తరగతిలో కూర్చున్నాక తెరమీద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు కనిపిస్తుంది. ‘మీరేమిట్లు?’ అని తోటివారు అడగాల్సిన పని కూడా ఉండదు.

ఓటీపీ ఉందిగా అంటారు. దేశంలో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు 54 శాతమని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తక్కినవారి ఓటీపీ భర్త జేబులోనో కొడుకు చేతిలోనో మోగుతుంది. ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి మీదా ఆశలు పెట్టుకున్నారు. అమెరికాలో జాయ్ బులమ్విని, టిమ్నిట్ గెబ్రూ 2018లో చేసిన పరిశీలనలో, ముఖాన్ని బట్టి ఆడో మగో చెప్పే సాఫ్ట్‌వేర్లు తెల్లని పురుషుల విషయంలో నూటికి ఒక్కసారి కూడా తప్పలేదు. నల్లని స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా తప్పాయి. అది మనిషిని మనిషితో సరిపోల్చే పరీక్ష కాదు, నిజమే. అయినా ఏ ముఖాలతో నేర్పారో ఆ ముఖాలనే యంత్రం బాగా చూస్తుందన్న సంగతి అక్కడ తేలింది.

ఇంతకీ యంత్రం వద్దని అనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కరణం సంతకం కోసం చెప్పులు చేతపట్టుకుని వాకిట్లో నిలబడిన తరం ఇంకా బతికే ఉంది. ఆ సంతకం కంటే యంత్రం నయమని దళితులు, చేతివృత్తులవారు అనుకోవడంలో న్యాయముంది. యంత్రం ఆగిపోయినచోట మళ్లీ ఊరిపెద్ద దగ్గరికే పంపితే ఆ నయం కాస్తా పోతుంది. విశ్వకర్మ దరఖాస్తుకు తొలి పరిశీలన గ్రామ పంచాయతీలోనే. ఈ పథకాన్ని ఉన్న రూపంలో అమలు చేయబోమని 2024 నవంబరులో కేంద్రానికి రాసిన తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్, కుటుంబ వృత్తి నిబంధనతోపాటు దీన్నీ ప్రశ్నించారు. పరిశీలన బాధ్యత పంచాయతీ అధ్యక్షుడికి కాక గ్రామ పాలనాధికారికి ఇవ్వాలన్నారు, కనీస వయసును 18 నుంచి 35కు పెంచాలన్నారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడి చోటు కళాశాల. ఈ అభ్యంతరాలను తెలుగు రాష్ట్రాలు పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు.

దొంగ హాజరును అరికట్టాలంటే ఇంత కట్టుదిట్టం తప్పదని ఒక వాదన. దొంగ ఎవరన్నది ముందు తేల్చాలి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనపై 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక ప్రకారం, పరిశీలించిన అభ్యర్థుల వివరాల్లో 94 శాతానికి పైగా బ్యాంకు ఖాతా గడి ఖాళీగానో సున్నాలతోనో ఉంది. ఒకే ఫొటో పలువురి పేర్లమీద కనిపించింది. ఆ గడులు నింపింది శిక్షణ పొందినవారు కాదు. నిర్వాహకుల మోసానికి విరుగుడుగా నేర్చుకోవడానికి వచ్చినవాడి వేలిని రోజూ అనుమానిస్తున్నాం.

1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన గడ్డమీద పుట్టింది. ఇప్పుడది అంబేడ్కర్ పేరుతో ఉంది. ఏ సర్టిఫికెట్టూ లేనివారు ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారిని అది తెరిచింది. మీ దగ్గర ఏ కాగితముందని కాక మీకేం వచ్చని అడిగిన చదువు అది. దూరవిద్యలో మన తొలి విద్యార్థి ఏకలవ్యుడేనని ఉపాధ్యాయులు సరదాగా అంటుంటారు. ఆయన వేలిని అడిగి మరీ తీసుకున్నారు. ఇక్కడ వేలు ఉంది, దానిమీద గీతలే లేవు.

ప్రభుత్వాలు చేయదగ్గ పనులు కష్టమైనవి కావు. ముద్ర పడకపోతే ఆ రోజు హాజరు శిక్షకుడి సంతకంతో నమోదు కావాలి, భత్యం ఆగకూడదు. సరిపోలలేదని తేలినప్పుడు కారణం చూపి సరిదిద్దే బాధ్యత కేంద్రానిది కావాలి. ఇప్పుడది కూలి పోగొట్టుకుని మండల కేంద్రానికి తిరిగే మనిషిది. పేరు తేడాకు స్వయంప్రకటన చాలాలి. అన్నిటికంటే ముందు, ఏ జిల్లాలో, ఏ వృత్తిలో, స్త్రీలలో ఎందరికి, ఎన్నిసార్లు ధ్రువీకరణ విఫలమైందో ఏటా ప్రచురించాలి. ఆ లెక్క కోసం కొత్త సర్వే అక్కర్లేదు. వేలు పెట్టిన ప్రతిసారీ అది ఆ యంత్రంలో నమోదవుతూనే ఉంది.