వ్రాసిన పంక్తినుండియే అలారము మ్రోగవలెను

ఏ వేళకు ఏ పని చేయవలెనో జ్ఞాపకముంచుకొను భారమును చేతిఫోనుకు అప్పగించిన నాటినుండి మన యిండ్లలో అలారముల మ్రోత మితిమీరినది. నీళ్ళ మోటారుకొకటి, కరెంటు బిల్లుకొకటి, బీమా వాయిదాకొకటి మ్రోగుచుండగా, ఎందుకు మ్రోగినదో చూడకయే నొక్కివేయుట మనకు అభ్యాసమైపోయినది. పని వ్రాసికొన్నదొకచోట, అలారము పెట్టుకొన్నది వేరొకచోట అగుటయే ఇందులకు మూలకారణమని నా దృఢాభిప్రాయము. పనుల పట్టీని సాదా అక్షరములలో వ్రాసికొనవలెను. అలారము ఆ వ్రాతనుండియే పుట్టవలెను.

ఇట్టి సాధనము మనకు లేకపోలేదు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయమున ఖగోళ శాస్త్రజ్ఞుడైన కార్‌స్టెన్ డొమినిక్, ఈమాక్స్ అను ఎడిటరులో 2003లో నిర్మింప మొదలిడిన ఆర్గ్ మోడ్ నేటికిని ఎల్లరకు ఉచితముగా లభించుచున్నది. అందు పనుల పట్టీ యనగా ఒక సాదా ఫైలు మాత్రమే. పంక్తి మొదట నక్షత్రపు గుర్తు పెట్టి, ‘లాకరు విషయమై బ్యాంకుకు ఫోను’ అని తెలుగులోనే వ్రాసి, దాని క్రింద కోణపు గుర్తుల నడుమ తేదీని, 15:00 అను వేళను చేర్చినచో, ఈమాక్స్‌లోని ఆప్ట్ అను భాగము, మన మొక ఆదేశముతో ఆనాటి పనులను దానికి అప్పగించిన పిమ్మట, వేళకు 12 నిమిషముల ముందే ఆ పంక్తిని తెరపై చూపి, 3 నిమిషములకొకమారు మరల గుర్తుచేయును. మ్రోగినదేదో, ఎందులకో వెదకికొన నక్కరలేదు. మనము వ్రాసిన మాటయే మన యెదుట నిలుచును.

ఇందు నాకు మిక్కిలి నచ్చిన నియమము, వేళ వ్రాయని పనికి అలారము లేకుండుట. కరెంటు బిల్లుకు గడువు తేదీ మాత్రమే వ్రాసినచో, అది 14 దినముల ముందునుండి ఆర్గ్ మోడ్ చూపు దినచర్యలో కనబడుచు, ఇంక నెన్ని దినములున్నవో చూపుచుండునే గాని గోల చేయదు. ఏ పనికి గడియారముతో సంబంధమో, దేనికి పంచాంగముతో మాత్రమే సంబంధమో వ్రాయునపుడే మనము నిర్ణయించుకొనవలసి వచ్చును. ఆ నిర్ణయము చేయకపోవుటవలననే గదా మన ఫోనులు దినమంతయు మ్రోగుచున్నవి!

లోపములు లేవనను. అర్ధరాత్రి దాటిన పిమ్మట మరునాటి పనులను తిరిగి చదువుమని ఈమాక్స్‌కు చెప్పనిచో అలారములు నిన్నటితోనే ఆగిపోవును; కంప్యూటరు నిద్రించినచో అవియు నిద్రించును. కావున పెద్దల మందుల వంటి తప్పరాని వానికి, ఆ ఫైలునే చదివి ఫోనులో మ్రోగించు ఆర్గ్‌జ్లీ వంటి ఆండ్రాయిడ్ యాప్‌ను తోడు చేసికొనుటయే క్షేమము. అప్పుడును పట్టీ ఒక్కటియే. ఏ కంపెనీ మూతపడినను, ఏ యాప్ మాయమైనను, ఆ ఫైలు ఏ ఎడిటరులోనైనను తెరచుకొనును. మన పనులు మన చేతిలోనే యుండును.

సామాన్యులను బెదరించునది ఆరంభమున సెట్టింగుల ఫైలులో వ్రాయవలసిన నాలుగైదు పంక్తులే. మన డిగ్రీ కళాశాలల కంప్యూటరు అధ్యాపకులు ఆ పంక్తులను తెలుగు వివరణతో సిద్ధపరచి, మొదటి సంవత్సరపు విద్యార్థులచేత వారి పరీక్ష ఫీజు గడువులనే వ్రాయించి నేర్పవలెనని నా విన్నపము.